పారవేసిన బూడిద, పేదవారి గోడ

ఈ వారం ఒక ప్రశ్నను మీ ముందుకు తెస్తున్నాను. ప్రశ్న నాది కాదు. మా విచారణలో భర్తను పోగొట్టుకున్న ఒక పెద్దావిడ నన్ను పదిమందిలో నిలబెట్టి అడిగినది. ఆనాడు నేను చెప్పిన జవాబు ఆమెకు సరిపోలేదు. ఇప్పుడు చెప్పేది సరిపోతుందో లేదో మీరే తేల్చాలి.

కొన్నేళ్ళ క్రితం మా విచారణ పరిధిలోని ఒక పల్లెలో, ఇల్లులేని పన్నెండు కుటుంబాలకు చిన్న చిన్న ఇళ్ళు కట్టించాలని విచారణ సంఘం తీర్మానించింది. పాలిటెక్నిక్‌లో ముప్పైయేళ్ళు మట్టి గురించీ సిమెంటు గురించీ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి, గోడలు దేనితో కట్టాలో తేల్చే బాధ్యత నా మీద పెట్టారు. చేతిలో ఉన్న సొమ్ము తక్కువ. ఆ పల్లెలో ఎర్రమట్టి మంచిది. ఇసుక పాలు తగినంత ఉంది, బంక పాలు మరీ ఎక్కువ లేదు. అటువంటి మట్టిలో నూటికి ఏడెనిమిది పాళ్ళు సిమెంటు కలిపి, కొద్దిగా తడిపి, చేతి ప్రెస్సులో గట్టిగా నొక్కితే కాల్చనవసరం లేని ఇటుక వస్తుంది. ఇది కొత్త సంగతి కాదు. 1950లలో కొలంబియా దేశపు బొగోటా నగరంలో రౌల్ రామిరెజ్ అనే ఇంజనీరు 'సిన్వా రామ్' అనే చేతి ప్రెస్సును రూపొందించాడు. మన దేశంలో బెంగళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్‌లో 1974లో ఆచార్య అమూల్య రెడ్డిగారు ప్రారంభించిన 'అస్త్ర' విభాగంవారు ఇటువంటి మట్టి ఇటుకలపై ఏళ్ళ తరబడి పని చేశారు.

అయితే సిమెంటు ధర ఉండనే ఉంది. మాకు దూరంగా కాని దూరంలో ఒక థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడి బూడిద ఊరికే ఇస్తారు, లారీ కిరాయి మాత్రం మనది. నూరు పాళ్ళ మట్టికి ఎనిమిది పాళ్ళ సిమెంటు బదులు ఐదు పాళ్ళ సిమెంటు, రెండు పాళ్ళ సున్నం, పదిహేను పాళ్ళ బూడిద కలిపితే బలం తగ్గదని లెక్క వేశాను. ఇంటింటికీ కొన్ని సిమెంటు బస్తాలు మిగులుతాయి. ఆ మిగులుతో పదమూడో ఇల్లు కూడా కట్టవచ్చునని కాగితం మీద చూపించాను. నా లెక్కకు నేనే మురిసిపోయానని ఒప్పుకోవాలి.

ఆదివారం పూజ అయిన తర్వాత గుడి ఆవరణలో సమావేశం పెట్టాము. నేను లేచి బూడిద గొప్పతనాన్ని అరగంట వివరించాను. వెనుక వరుసలో కూర్చున్న ఆ పెద్దావిడ, ఇల్లు మంజూరైన పన్నెండుమందిలో ఒకరు, లేచి నిలబడ్డది.

"ఆ బూడిద అంత మంచిదైతే మాస్టారూ, గుడికెందుకు పెట్టలేదు?"

ఆ ఏడే మా గుడి ముందుభాగాన్ని పెంచుతున్నాము. ఆమె కూర్చున్న చోటికి పది అడుగుల దూరంలో, బట్టీనుంచి వచ్చిన ఎర్రటి కాల్చిన ఇటుకలు వరుసలుగా పేర్చి ఉన్నాయి. అందరూ నవ్వారు. సంఘ పెద్ద ఒకాయన ఆమెను సముదాయించబోయి, "తపస్సుకాలం మొదట్లో మనం నుదుట పెట్టించుకునేదీ బూడిదే కదమ్మా" అన్నాడు. ఆమె తడుముకోలేదు. "అది ఫాదర్‌గారి నుదుటా పెడతారు, నా నుదుటా పెడతారు బాబూ" అన్నది.

ఆ మాట తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఆ తల్లి అడిగినది ఒక ప్రశ్న కాదనిపించింది. బూడిద మంచిదా కాదా అన్నది అందులో ఒక పాలు మాత్రమే. పారవేయవలసినదాన్ని నా ఇంట్లో ఎందుకు పెడుతున్నారు, నన్ను అడిగారా, నా గోడ పగిలితే ఎవరు వస్తారు అన్నవి మిగిలిన పాళ్ళు. మొదటిదానికి నా దగ్గర జవాబు ఉంది, అది పాఠ్య పుస్తకాల్లో దొరుకుతుంది. తక్కినవాటి గురించి నేను ఒక్క నిమిషమైనా ఆలోచించలేదు.

మొదటిది ముందు చెబుతాను. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు దానినుంచి కొంత సున్నం విడిపోతుంది. ఆ సున్నం తనంతట తాను పెద్ద బలమిచ్చేది కాదు. బొగ్గు మండగా మిగిలిన సన్నని బూడిదలో సిలికా, అల్యూమినా ఉంటాయి. తడి ఉన్నంతకాలం అవి ఆ సున్నంతో నెమ్మదిగా కలిసి, సిమెంటు చేసే పనినే తామూ చేస్తాయి. మట్టి రేణువుల మధ్య ఖాళీలను పూడుస్తాయి. దీన్ని 'పోజోలానా' గుణం అంటారు. ఇటలీలో నేపుల్స్ దగ్గరి పోజువోలి అనే ఊరి పేరుమీద వచ్చిన మాట అది. అక్కడి అగ్నిపర్వతపు బూడిదను సున్నంలో కలిపి రోమనులు కట్టిన కట్టడాలు ఈనాటికీ నిలిచి ఉన్నాయి. రోము నగరంలోని పాంథియన్ గుమ్మటం రెండో శతాబ్దంలో అటువంటి కాంక్రీటుతో కట్టినదే. 43 మీటర్ల వెడల్పు, లోపల ఇనుప కడ్డీ ఒక్కటి లేదు. 609లో నాలుగో బోనిఫేసు పోపుగారు దాన్ని మరియతల్లి పేర, వేదసాక్షుల పేర దేవాలయంగా ప్రతిష్ఠించారు. మన తాతలు డంగుసున్నంలో ఇటుక పొడి కలిపి గచ్చు చేసిందీ ఈ సూత్రం మీదనే.

అంతెందుకు, ఈనాడు మనం కొనే సిమెంటు బస్తా మీద 'పి.పి.సి.' అని ఉంటే, అందులో నూటికి 15 నుంచి 35 పాళ్ళు బూడిద ఉండవచ్చునని భారతీయ ప్రమాణాలే చెబుతున్నాయి. అంటే మా గుడి గోడలు కాల్చిన ఇటుకతో కట్టినా, వాటి పూతలో బూడిద ఉండనే ఉంది. ఫాదర్‌గారి బంగళా శ్లాబులోనూ ఉంది. బహుశా ఈ పత్రిక చదువుతున్న మీ ఇంట్లోనూ ఉంది. మరుసటి ఆదివారం ఈ సంగతి ఆ తల్లికి ఎంతో ఉత్సాహంగా చెప్పాను. ఆమె విని, "ఆ సంగతి తెలిసి వాడారా మాస్టారూ, తెలియక వాడారా?" అన్నది. నిజం చెప్పాలి కాబట్టి, సంఘంలో నేను తప్ప ఎవరికీ తెలియదన్నాను. "మరి నాకు మాత్రం తెలిసింది కదా" అన్నది.

ఆమె ఆ మాటను ఏ ఉద్దేశంతో అన్నదో గాని, నాకు మాత్రం అందులో ఒక సత్యం కనబడింది. తెలిసిన తర్వాత అడిగే హక్కు కూడా వస్తుంది. ఇల్లు ఉచితంగా ఇస్తున్నాము గనుక ఆ హక్కు ఆమెకు లేదని మేమంతా, పైకి అనకపోయినా, మనసులో అనుకున్నాము.

'ఉచితం' అనే మాట దగ్గర కొంచెం ఆగుదాము. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో గ్రాండ్ జంక్షన్ అనే పట్టణం ఉంది. 1950లలో అక్కడ యురేనియం ఖనిజాన్ని శుద్ధిచేసే మిల్లు నడిచింది. ఖనిజం తీయగా మిగిలినది ఇసుకలా సన్నగా, శుభ్రంగా ఉండేది. కాంట్రాక్టర్లకూ ఇళ్ళు కట్టుకునేవారికీ దానిని ఉచితంగా ఇచ్చారు. 1966 వరకు జనం తోలుకుపోయారు. పునాదుల కింద పోశారు, గచ్చుల కింద పరిచారు, తాపీ పనిలో ఇసుకగా కలిపారు. ఇళ్ళకే కాదు, పాఠశాలలకూ వాడారు. వ్యర్థం వృథా కాలేదని అందరూ సంతోషించి ఉంటారు. కాని ఆ ఇసుకలో రేడియం మిగిలే ఉంది. దానినుంచి రేడాన్ అనే వాయువు నేలలోనుంచి గదుల్లోకి వచ్చేది. ఊపిరితిత్తుల కేన్సరుకు కారణమయ్యే వాయువు అది. 1972లో ఒకసారి, 1978లో మరోసారి ప్రభుత్వం చట్టాలు చేసి, ఆ ప్రాంతంలో నాలుగు వేలకు పైగా ఇళ్ళూ స్థలాలూ తవ్వి శుభ్రం చేయవలసి వచ్చింది. ఆ ఖర్చు ప్రజల ఖజానాదే అయింది. అదే దేశంలో న్యూజెర్సీలోని హడ్సన్ కౌంటీలో క్రోమియం కర్మాగారాల మడ్డిని పల్లపు నేలలు పూడ్చడానికి వాడారు. కొన్నాళ్ళకు నేలమాళిగల గోడలమీద పసుపుపచ్చని స్ఫటికాలు తేలాయి.

బొగ్గు బూడిద యురేనియం మడ్డి కాదు. రెంటినీ ఒకే గాటన కట్టడం తప్పు, అలా చెప్పి జనాన్ని భయపెట్టడం ఇంకా పెద్ద తప్పు. బూడిదలో ఉండే సహజ రేడియోధార్మికత మామూలు మట్టికంటే కొంచెం ఎక్కువ, అంతే. ఆర్సెనిక్, సీసం, క్రోమియం వంటివి స్వల్పంగా ఉంటాయి. సిమెంటూ సున్నమూ కలిసి గట్టిపడిన ఇటుకలో అవి చాలామటుకు బంధింపబడి ఉంటాయి. అదే బూడిదను విడిగా బావి పక్కన గోతిలో పోస్తే వాన నీటితో కిందికి దిగుతాయి. గోడలో ఉన్న బూడిదకంటే గోతిలో ఉన్న బూడిదకే ఎక్కువ భయపడాలి. కాని గ్రాండ్ జంక్షన్‌లో ఇసుక తోలుకుపోయిన తండ్రి ఎవరూ తన పిల్లలకు హాని చేయాలనుకోలేదు కదా. ఇచ్చినవారు పరీక్షించి చెప్పలేదు, తీసుకున్నవారికి అడగాలని తోచలేదు. ఊరికే వచ్చిన వస్తువును పరీక్షించమని అడగడం మనకు మర్యాదగా తోచదు.

నా సంగతే చూడండి. ముప్పైయేళ్ళు విద్యార్థులకు పరీక్షలు చేయించినవాణ్ణి, లారీలో వచ్చిన బూడిద ఎటువంటిదో చూడకుండానే మొదటి వంద ఇటుకలు కొట్టించాను. మూడు రోజులు నీళ్ళు చల్లించి, ఆరిన తర్వాత రెండింటిని తొట్టిలో రాత్రంతా నానబెట్టాను. తెల్లవారి చూస్తే ఒకదాని మూలలు మెత్తబడి చేతితో రాలుతున్నాయి. తప్పు రెండు చోట్ల జరిగింది. సిమెంటు ఇటుకకు మూడు రోజుల తడి ఎలాగూ చాలదు. బూడిద కలిపితే అది నెమ్మదిగా పనిచేసేది గనుక కనీసం నాలుగు వారాలు గోనెపట్టాలు కప్పి తడి ఆరకుండా ఉంచాలి. ఆ తర్వాత మూడు నెలల వరకు కూడా అది బలం పుంజుకుంటూనే ఉంటుంది. తొందరపడే మేస్త్రీ చేతిలో బూడిద ఇటుక బ్రతకదు.

రెండో తప్పు నన్ను ఎక్కువ బాధపెట్టింది. మాకు వచ్చినది చెరువు బూడిద. బొగ్గు మండినప్పుడు పొగతో పైకి పోయే సన్నని పొడిని విద్యుత్ యంత్రాలతో పట్టి పొడిగానే నిలవ చేస్తారు. అదే మేలైన బూడిద, సిమెంటు కర్మాగారాలు కోరేది అదే. బాయిలరు అడుగున పడే గరుకు బూడిదను, మిగిలినదానితో కలిపి నీళ్ళతో చెరువులోకి పంపుతారు. అక్కడినుంచి తవ్వి లారీకెత్తినది పేదవాడి ఇటుక దగ్గరకు వస్తుంది. పారవేసినదానిలో కూడా మేలైనది ధర పెట్టగలవాడికి, మిగిలినది మిగిలినవాడికి. ఈ పద్ధతిని ఎవరూ కుట్రపన్ని పెట్టలేదు. నీరు పల్లమెరిగినట్లు అదంతట అదే జరిగిపోతుంది. ఆపితే తప్ప ఆగదు.

ఇక్కడ కొందరు పాఠకులు, ఇంత చర్చ ఎందుకు, బూడిద జోలికి పోకుండా చక్కగా కాల్చిన ఇటుకతోనే కట్టవచ్చు కదా అనవచ్చు. కాల్చిన ఇటుక చేతులు శుభ్రమైనవని నేను అనుకోను. అది పంట పండే నేల పైపొరను తింటుంది. బట్టీల మీద పనిచేయడానికి పశ్చిమ ఒడిశా జిల్లాలనుంచి, ముఖ్యంగా బొలంగీర్, నువాపడా వైపునుంచి, కుటుంబాలకు కుటుంబాలు అడ్వాన్సులు తీసుకుని తెలంగాణకూ ఆంధ్రకూ వస్తాయి. ఆ అప్పు తీరేదాకా కదలలేరు. పిల్లలు బడి మాని మట్టి ముద్దలు తిప్పుతారు. మా గుడి ముందు పేర్చిన ఎర్రటి ఇటుకల్లో ఎవరి పిల్లల వేళ్ళ గుర్తులున్నాయో మేము అడగలేదు. సిమెంటు సంగతీ అంతే. పల్నాడులోనూ, జగ్గయ్యపేట, తాడిపత్రి, తాండూరు ప్రాంతాల్లోనూ సున్నపురాయి తవ్వి, 1,450 డిగ్రీల వేడిలో కాలిస్తే క్లింకరు వస్తుంది. ఒక టన్ను క్లింకరుకు సుమారు 800 కిలోలు, ఒక్కోసారి అంతకు మించి, బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. కాబట్టి మూడు పాళ్ళ సిమెంటు తగ్గించడమంటే సంఘానికి సొమ్ము మిగలడం ఒక్కటే కాదు.

ఆ బూడిద ఎవరిదన్న ప్రశ్నను కూడా తప్పించుకోలేము. మన బొగ్గులో మూడోవంతుకు పైగా బూడిదే. దేశం మొత్తం మీద ఏటా 20 కోట్ల టన్నులకు పైగా వస్తున్నది. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, పరవాడ ప్రాంతాల్లో కాలిన బొగ్గు వెలిగించింది మన ఇళ్ళనే, మన గుళ్ళలో మైకులు మోగించిందీ అదే. వెలుగు అందరికీ పంచారు. బూడిద మాత్రం చెరువు కట్ట కింది ఊళ్ళకు వదిలారు. 2020 ఏప్రిల్ 10న మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలీలో బూడిద చెరువు కట్ట తెగి ఆరుగురు కొట్టుకుపోయి మరణించారు. వారి ఊరిమీద గుట్టలుగా ఉన్నదాన్ని గోడలుగా మార్చగలిగితే అది మంచి పని కాదని ఎవరనగలరు? విశాఖపట్నంలో భానుమతీదాస్, కాళిదాస్ దంపతులు బూడిద, సున్నం, జిప్సం కలిపి, కాల్చకుండా ఇటుక చేసే 'ఫాల్-జి' పద్ధతిని రూపొందించి చిన్న చిన్న యూనిట్లకు నేర్పారు. తెలుగువారు గర్వించదగిన పని అది. 1999లో కేంద్ర ప్రభుత్వం థర్మల్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపల ఇటుకలు చేసేవారు బూడిద కలపాలని ఉత్తర్వు ఇచ్చింది. ఆ దూరాన్ని తర్వాత పెంచారు. 2021 చివర వచ్చిన ఉత్తర్వు ప్రకారం, వాడకుండా మిగిల్చిన బూడిదకు టన్నుకు 1,000 రూపాయల చొప్పున విద్యుత్ కేంద్రమే పరిహారం కట్టాలి.

ఈ చివరి నియమం న్యాయమైనదే. కాని దానిలోనే ఒక శోధన దాగి ఉంది. వదిలించుకోకపోతే జరిమానా అన్నప్పుడు, వదిలించుకోవడానికి ఎక్కడో ఒక పల్లం కావాలి. 'వినియోగం' అన్న పేరుతో చేర్చిన లెక్కలో, గట్టిగా కట్టిన ఇటుకా ఉంటుంది, ఎవరి చెలకలోనో పోసి పైన మట్టి కప్పిన గొయ్యి కూడా ఉండవచ్చు. కాగితం మీద రెండూ ఒకటే. దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో, మన పరిశ్రమలు తమ వ్యర్థాలను తిరిగి వాడుకునే శక్తిని ఇంకా పెంచుకోలేదని బాధపడ్డారు. ఆ విశ్వలేఖలోనే వాడి పారవేసే సంస్కృతి వస్తువులతో పాటు మనుషులనూ పారవేస్తుందన్న హెచ్చరిక ఉంది. రెండు మాటలనూ కలిపి చదవకపోతే, వ్యర్థాన్ని కాపాడి మనిషిని పారవేసే ప్రమాదం ఉంది.

మనిషి అంటే ఇంట్లో ఉండబోయే మనిషే అనుకున్నాను నేను. ఇటుకలు కొట్టే చోట నిలబడితే ఇంకొకరు కనబడ్డారు. పొడి బూడిదను తట్టలకెత్తి మట్టిలో పోసే ఆడకూలీలు. గాలి వీచినప్పుడు వాళ్ళ కనురెప్పలు కూడా తెల్లబడుతున్నాయి. బూడిదలో కొంత సన్నని స్ఫటిక సిలికా ఉంటుంది. అది గోడలో ఉంటే ఏమీ చేయదు, ఊపిరిలోకి పోతే అక్కడే ఉండిపోతుంది. నా లెక్కల కాగితంలో సిమెంటు, సున్నం, కిరాయి, మేస్త్రీ కూలి అన్నీ ఉన్నాయి. ముక్కుకు కట్టుకునే గుడ్డ లేదు. బూడిదను లారీలోనే తడిపి దించాలన్న నియమం ఆ రోజు పెట్టుకున్నాము. అందుకు అదనంగా ఒక నీళ్ళ ట్యాంకరు అయింది, పదమూడో ఇంటి ఆశ కొంత తగ్గింది.

తర్వాత ఏమైందో చెబుతాను. ఫాదర్‌గారు ఆ తల్లి ప్రశ్నను సంఘం ముందు మళ్ళీ పెట్టారు. గుడి పని అప్పటికే సగం అయింది, ఇటుకలు కొనేశాము, వాటిని తిప్పి పంపడం కుదరదు. కాని గుడిని ఆనుకుని పిల్లల జ్ఞానోపదేశం కోసం ఒక గది కట్టవలసి ఉంది. దాన్ని ముందుగా ఈ బూడిద ఇటుకలతోనే కట్టాలని తీర్మానించాము. మన పిల్లలు, ఫాదర్‌గారి సోదరీమణుల పిల్లలు వచ్చినా సరే, అక్కడే కూర్చుంటారు. బూడిదను ప్రయోగశాలకు పంపించి పరీక్ష చేయించాము. ఇటుకల్ని నాలుగు వారాలు తడిపి, నానబెట్టి, పగలగొట్టి చూశాము. గది కట్టి ఒక వానాకాలం ఆగాము. ఆలస్యమవుతున్నదని కొందరు విసుక్కున్నారు. గుడిసెల్లో తడుస్తున్నవారికి ఇంకో వానాకాలం ఆగండి అనడం తేలిక కాదు. ఆ విషయంలో మేము చేసినది సరైనదేనా అని నాకు ఇప్పటికీ అనుమానం ఉంది. జాగ్రత్త పేరుతో చేసే ఆలస్యాన్ని కూడా చివరకు పేదవాడే మోస్తాడు.

వానలయ్యాక పన్నెండు కుటుంబాలనూ ఆ గదిలోనే కూర్చోబెట్టి, ఇటుకలో ఏమున్నదో, ఏమి చేస్తుందో, ఏమి చేయదో చెప్పాను. పది కుటుంబాలు సరేనన్నాయి. రెండు కుటుంబాలు మాకు కాల్చిన ఇటుకే కావాలన్నాయి. సంఘంలో పెద్ద గొడవైంది. ఉచితంగా ఇస్తుంటే వంకలా అన్నారు కొందరు. వద్దు అనే వీలు లేనప్పుడు అడగడం అడగడం కాదని నేను వాదించాను, గట్టిగానే వాదించాను. మూడు సమావేశాలు జరిగాయి. చివరకు గుడి ముందు కట్టదలచిన ఆర్చీకి దాచిన సొమ్ములోనుంచి ఆ తేడా తీశారు. ఆర్చీ ఇప్పటికీ లేదు. పండుగకు వచ్చే బంధువులు అడుగుతూనే ఉంటారు.

ఆ పెద్దావిడ కాల్చిన ఇటుక అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "పిల్లలు కూర్చునే గది నిలబడ్డది గదా మాస్టారూ" అన్నది. గృహప్రవేశం నాడు ఫాదర్‌గారు ఇల్లు దీవించి వెళ్ళిన తర్వాత, మిగిలిన ఇటుకల్లోనుంచి ఒకటి అడిగి తీసుకుని, నీళ్ళ తొట్టి పక్కన, నిత్యం తడిసే చోట పెట్టుకున్నది. బట్టలు ఉతుక్కోవడానికా అమ్మా అని అడిగాను.

"కాదు మాస్టారూ. ఇది కరగడం మొదలుపెడితే మీకు కబురు చేస్తాను" అన్నది.

ఇంతవరకు కబురు రాలేదు. ఆ పల్లెకు వెళ్ళినప్పుడల్లా ఆమెను పలకరించేముందు నా కళ్ళు ఆ ఇటుక వైపే పోతాయి. దాని మీద పాచి పట్టింది. మూలలు మాత్రం ఇంకా సూటిగానే ఉన్నాయి.